చలి బట్టలు లోపలికి, అమ్మ సందూక బయటికి: నా అనుభవం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు గానీ, మా హనుమకొండలో అది ఒక్క రోజులో వెళ్లిపోయేది కాదు. నేను ములుగు వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మాఘమాసంలో ఉదయం ఏడు గంటల బస్సు ఎక్కే వేళ స్వెట్టరు లేకపోతే పళ్లు కటకటలాడతాయి; పది దాటేసరికి అదే స్వెట్టరు చేతికి బరువవుతుంది; మధ్యాహ్నం రెండు గంటలకు తరగతి గదిలో ఒంటి మీది కుర్తా వీపుకు అతుక్కుపోతుంది. ఇలా ఒకే రోజులో రెండు రుతువులు నడిచే ఈ నెలన్నరకు తగిన బట్టలు నా దగ్గర లేవని ప్రతి ఏడాదీ అనుకోవడం, చౌరస్తాకు వెళ్లి నాలుగు కుర్తాలు తెచ్చుకోవడం, అవి మరుసటి మాఘానికి వెలిసిపోయో సాగిపోయో మూలకు చేరడం నాకు అలవాటైపోయింది. ఈ ఏడాది మాత్రం ఇంట్లో ఉన్న బట్టలతోనే, అందులోనూ మా అమ్మ పోయిన తర్వాత రెండేళ్లుగా తెరవకుండా ఉంచిన ఇనుప సందూకలోని పాత బట్టలతోనే ఉగాది దాకా గడపాలని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం పూర్తిగా నిలబడలేదు. ఎక్కడ తప్పిందో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఒక ఆదివారం బీరువాలోని బట్టలన్నింటినీ మంచం మీద కుప్పపోసి లెక్కపెట్టాను. గత అయిదారేళ్లలో కొన్న కుర్తాలు 31 ఉన్నాయి. వాటిలో బడికి వేసుకుని వెళ్లదగినవి 11 మాత్రమే. మిగిలినవాటిలో కొన్ని చంకల దగ్గర కుట్టు విడిచాయి, కొన్నింటికి తొడల భాగంలో చిన్న చిన్న ఉండలు కట్టాయి, కొన్ని ఒక్క ఉతుకుకే వంకర తిరిగి పక్క కుట్టు ముందుకు వచ్చింది. నూలు బట్ట అని చెప్పి అమ్మినవాటిలో ఎన్ని నిజంగా నూలువో చూద్దామనిపించి, మా అమ్మ నేర్పిన పరీక్ష చేశాను. లోపలి కుట్టు నుంచి ఒక దారప్పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఖాళీ స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించడమే ఆ పరీక్ష. నూలు అయితే కాగితంలా మండి, కాగితం వాసనే వేసి, వేలితో తాకగానే రాలిపోయే బూడిద మిగులుతుంది. ఊలు, పట్టు అయితే మంట తీసేయగానే ఆరిపోతాయి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, చిదిమితే పొడి అయ్యే నల్లని గింజ మిగులుతుంది. పాలిస్టరు ముడుచుకుని కరిగి, చల్లారాక గోటికి కూడా లొంగని గట్టి పూసలా తయారవుతుంది. నా 31 కుర్తాలలో 19 అలాంటి గట్టి పూసలనే మిగిల్చాయి. ఏనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి బస్తాల వాహనాలు బారులు తీరే కాలంలో, ఆ పక్క నుంచే బస్సులో వెళ్లే నేను పెట్రోలియంతో చేసిన దారం కట్టుకుని తిరుగుతున్నానన్న మాట నాకే నవ్వు తెప్పించింది.

ఇక చలి బట్టలను లోపల పెట్టే పని. ఇది ఒక పూట పని అనుకుంటే నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పొరపాటు ఏమిటో నా పెళ్లినాటి ఊలు శాలువాను విప్పి కిటికీ వెలుతురుకు పట్టినప్పుడు తెలిసింది. దానికి తొమ్మిది చిల్లులున్నాయి. అన్నీ మెడ తగిలే మడత దగ్గరా, ఏదో విందులో పులుసు చిందిన చోటా గుమిగూడి ఉన్నాయి. ఊలును తినేది ఎగిరే పురుగు కాదు, అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే లార్వా. ఊలులోనూ పట్టులోనూ ఉండే మాంసకృత్తే దాని ఆహారం. చెమటా తిండి మరకలూ అంటిన చోటు దానికి మరింత ఇష్టం. 'రెండుసార్లే కప్పుకున్నాను గదా, ఏం మాసింది' అని ఉతక్కుండా మడిచి పెట్టడమంటే, దానికి విస్తరి వేసి పిలవడమే.

అందుకని ఈసారి ఒక్కటి కూడా ఉతక్కుండా లోపల పెట్టలేదు. రాత్రి నానబెట్టిన కుంకుడుకాయలను పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఆ రసాన్ని చల్లని నీళ్లలో కలిపి శాలువాలనూ స్వెట్టర్లనూ పది నిమిషాలు ముంచి ఉంచాను. ఊలుకు వేడి నీళ్లూ రాపిడీ పనికిరావు. పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోయి దుప్పటిలా బిరుసెక్కుతుంది, మళ్లీ సాగదు. పిండకుండా, పొడి తువాలులో చాపలా చుట్టి నీళ్లు తీసి, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాను. స్వెట్టరును దండెం మీద వేలాడదీస్తే తన నీటి బరువుకే మోకాళ్ల దాకా సాగుతుంది. కుంకుడు రసానికి సన్నని గోధుమ రంగు ఉంటుందన్న సంగతి మాత్రం నేను తలచుకోలేదు; తెల్ల స్వెట్టరు ఒకటి ఇప్పుడు పాలమీగడ రంగులోకి వచ్చింది. అది బాగానే ఉందని మా బిడ్డ అంటుంది, నన్ను ఓదార్చడానికే అని నా అనుమానం.

మా మామయ్యగారి గొంగడి సంగతి వేరు. కురుమలు నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించి ఉంటుంది కాబట్టి దానిని నీళ్లలో ముంచితే ఆ బిగువంతా పోతుంది. దానిని మిద్దె మీద రెండు రోజులు ఎండకు వేసి, కర్రతో కొట్టి, గట్టి కుచ్చు బ్రష్షుతో రెండు వైపులా దులిపితే చాలని మా అత్తమ్మ చెప్పారు. ఆమె మాటే విన్నాను.

దాచడానికి ప్లాస్టిక్ కవర్లు పూర్తిగా మానేశాను. కవర్లో చిక్కుకున్న తేమ వానాకాలం వచ్చేసరికి బూజుగా మారుతుంది. పాత మల్లు ధోవతులను ముక్కలుగా చేసి వాటిలో చుట్టితే బట్టకు గాలి ఆడుతుంది. కలరా ఉండలను, అంటే మన బజారులో డాంబర్ గోలీలుగా అమ్మేవాటిని, బట్ట మీద నేరుగా వేయకుండా చిన్న గుడ్డ మూటలో కట్టి మూలకు పెట్టాలి, లేకపోతే జరీ నల్లబడుతుంది. పసిపిల్లల బట్టలున్న అరలో అవి అసలు ఉండకూడదు. పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉన్న పిల్లలలో ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. నేను నీడలో ఎండబెట్టిన వేపాకూ వట్టివేరూ పెట్టాను గానీ భారమంతా వాటి మీద వేయలేదు. రెండు నెలలకోసారి విప్పి, దులిపి, మడత మార్చడానికి గోడ మీది క్యాలెండరులో తేదీలు గుర్తు పెట్టుకున్నాను. నూలు చీరల విషయంలో మరో జాగ్రత్త ఉంది: గంజి పెట్టిన చీరను నెలల తరబడి దాచకూడదు. ఊలు పురుగు నూలును ముట్టదు గానీ, గంజిలోని పిండి పదార్థం కోసం వెండి రంగులో జారిపోయే సిల్వర్ ఫిష్ పురుగులు వచ్చి గంజితో పాటు బట్టనూ గీకి తింటాయి. గంజి కట్టుకునే వారంలోనే పెట్టుకోవాలి.

మా అమ్మ అల్లిన ముదురాకుపచ్చ స్వెట్టరును మాత్రం లోపల పెట్టలేదు. చేతులు పొడుగు, మెడ ఎత్తు; అయితే చేతులను విడిగా అల్లి భుజాల దగ్గర ఊలుతోనే కుట్టి ఉన్నందువల్ల కత్తెర పెట్టకుండానే ఆ కుట్టు విప్పి తీసేయగలిగాను. తీసిన చేతులను పై అంచు నుంచి విప్పి, ఆ ఊలును కుర్చీ వీపుకు చుట్టి, తడిపి, మెలికలు పోయేదాకా ఆరబెట్టాను. ఆ ఊలుతోనే మా పక్కింటి అక్క చంకల చుట్టూ రెండు అంగుళాల పట్టీ అల్లి ఇచ్చింది. చేతులు లేని ఆ స్వెట్టరు మాఘ ఫాల్గుణాల ఉదయాలకు సరిగ్గా సరిపోయింది: ఛాతీకి వెచ్చదనం ఇస్తుంది, పదింటికి తీసి మడిస్తే చేతిసంచిలో పడుతుంది.

సందూక వరంగల్‌లోని గిర్మాజీపేట ఇంటి నుంచి వచ్చింది. తెరవగానే కర్పూరం, తుప్పు, పాత నూలు కలిసిన వాసన కొట్టింది. అందులో 17 చీరలు, ఎనిమిది రవికలు, అన్నిటికన్నా అడుగున ఒక నల్ల షేర్వాణీ ఉన్నాయి.

మొదట చెప్పవలసింది నష్టం గురించే. అమ్మ పెళ్లి పట్టుచీరను రెండు చేతులతో పైకెత్తగానే అది మడతల వెంట పొడుగునా చిట్లింది. ఎన్నో ఏళ్లు ఒకే మడత మీద, జరీ అంచు బరువంతా ఆ మడత మోస్తూ ఉండిపోతే పట్టు పోగులు అక్కడే విరుగుతాయి. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలని అమ్మే మాకు చెప్పేది. ఆమె మంచాన పడిన ఏళ్లలో ఆ పని చేయవలసింది మేము. ఆ వారంలోనే మా వీధిలోకి 'పాత పట్టుచీరలు కొంటాం' అని మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత ఉంటాయి కాబట్టి వాళ్లకు కావలసింది చీర కాదు, దాన్ని కాల్చగా మిగిలే వెండి. ఆటో అతను అంచును గోటితో గీకి, లోపలి ఎర్రని పట్టుదారం చూసి, నాలుగు వేల రూపాయలన్నాడు. నేను తల ఊపకపోయేసరికి అయిదున్నర అన్నాడు. ఇచ్చేయమని మావారు అన్నారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు, కట్టుకోలేని చీరను ఏం చేసుకుంటాం? అయినా ఇవ్వలేదు. పల్లూ భాగం మడతకు తక్కువగా గురైనందున గట్టిగానే ఉంది. దానిని కత్తిరించి, వెనుక పలుచని మల్లు గుడ్డ వేయించి, దుపట్టాగా మార్పించాను. ఆ వెనుక గుడ్డ లేకపోతే పాత పట్టు తన బరువుకే మళ్లీ చిట్లుతుంది. కత్తెర పెట్టే ముందు మూడు రోజులు ఆలోచించాను, ఆ సంగతి మావారికి చెప్పలేదు.

దసలిపట్టు చీర ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. అది మహదేవ్‌పూర్ నేత. మద్దిచెట్ల ఆకులు తిని పెరిగే అడవి పట్టుపురుగు గూళ్ల నుంచి తీసిన ఆ దారానికి రంగు వేయకపోయినా తేనె రంగు ఉంటుంది, పోగు ఎగుడు దిగుడుగా ఉండి గాలి ఆడుతుంది. మేనత్త కొడుకు పెళ్లి విందుకు, సాయంత్రం చలి ఇంకా మిగిలి ఉన్న రోజున, దానినే కట్టుకున్నాను. ఎక్కడ కొన్నావని నలుగురు అడిగారు.

పోచంపల్లి చీర దగ్గర నేను చేసిన తప్పు నన్ను ఇంకా బాధిస్తోంది. తెలుపు నేల మీద ఎరుపూ నలుపూ చిటికి పని, అంటే నూలుకు కట్లు కట్టి రంగు అద్ది నేసిన బొమ్మలు, ఉన్న నూలు చీర అది. ఎన్నడూ రంగు దిగకుండా ఉండాలంటే ఉప్పు నీళ్లలో నానబెట్టాలని చిన్నప్పటి నుంచి విన్నదే కదా అని గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి చీరను రాత్రంతా బకెట్టులో వదిలేశాను. తెల్లవారి చూస్తే నీళ్లు మోదుగుపూలు మరిగించినట్టు ఉన్నాయి, తెల్లని నేల అంతా గులాబీ రంగులోకి తిరిగింది. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకు పని ఉండవచ్చు గానీ, నేత అయిపోయి ఏళ్లు గడిచిన బట్టలో వదులుగా ఉన్న రంగును ఉప్పు బిగించలేదు. నేను చేసిందల్లా ఊడిన రంగును తెల్ల పోగుల మీద కూర్చోబెట్టడానికి రాత్రంతా సమయం ఇవ్వడమే. చీరను ఆరనివ్వకుండా వెంటనే చల్లని నీళ్లు మార్చి మార్చి పద్నాలుగు సార్లు జాడించాను. చాలావరకు పోయింది, పల్లూ పక్కన జానెడు మేర మిగిలింది. ఇప్పుడు ఏ పాత చీరనైనా ముందు ఒక మూలను తడిపి, తెల్ల గుడ్డతో అద్ది చూసిన తర్వాతే నీళ్లలో వేస్తున్నాను.

ఆ చీర పైవైపు ఎండకు వెలిసి ఉంది గానీ లోపలి వైపు రంగు నిగనిగలాడుతోంది. పోచంపల్లి పనిలో నూలుకు ముందే కట్లు కట్టి రంగులో ముంచి ఆ తర్వాత నేస్తారు కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా పడుతుంది. అచ్చువేసిన బట్టకు ఉండే ఎదురు, వెనుక అన్న తేడా దానికి లేదు. అందుకే లోపలి వైపును పైకి తిప్పించి రెండు కుర్తాలు కుట్టించాను. గులాబీ మరక ఉన్న జానెడూ వెనుక పక్క అంచు దగ్గర పడేలా దర్జీ కత్తిరించాడు.

ఆ దర్జీ గురించి చెప్పాలి. మండిబజారు దగ్గర సందులో ఒకే మిషనుతో పనిచేసే డెబ్బై ఏళ్ల మనిషి. నేను చాచా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. షేర్వాణీ సంచీలోంచి తీయగానే ఆయన పని ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని, దానిని బల్ల మీద బోర్లా పరిచాడు.

అది మా తాతది, అంటే అమ్మ నాన్నది. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లులో ఆయన గుమాస్తాగా పనిచేశాడు. నిజాం కాలపు అలవాటు పోలీసు చర్య తర్వాత కూడా ఆయనను వదలలేదు. 1958 అని వెనుక రాసి ఉన్న ఫోటోలో పంచె మీద ఈ షేర్వాణీతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఇంట్లో అందరం దానిని ఊలు షేర్వాణీ అనే అనుకునేవాళ్లం. వేసవికి ఇది దేనికి పనికొస్తుంది, లోపలి అస్తరు తీసేస్తే కొంచెం తేలికవుతుందేమో అని అడిగాను.

"ఊలు అని ఎవరు చెప్పిన్రు బిడ్డా?" అన్నాడు చాచా. లోపలి కుట్టు నుంచి పోగు లాగి, బీడీ ముట్టించే అగ్గిపుల్లతోనే అంటించాడు. కాగితం వాసన వచ్చింది. బూడిద ఆయన ఊపిరికే ఎగిరిపోయింది. ముప్పై ఒక్క కుర్తాలను కాల్చి చూసిన నాకు, ఇంట్లోని అతి ముఖ్యమైన బట్టకు ఆ పరీక్ష చేయాలని తోచలేదు. అది దట్టంగా నేసిన ఏటవాలు గీతల నూలు గుడ్డ. బరువంతా లోపలి అస్తరుదీ, ఛాతీ భాగంలో గుడ్డకూ అస్తరుకూ మధ్య కుట్టిన బక్రం అనే గట్టి గుడ్డదీ.

ఆయన చేసిన పనిని నేను నాలుగుసార్లు వెళ్లి దగ్గర కూర్చుని చూశాను. ముందు అస్తరును విప్పాడు. అది చేతిలోనే పొడిపొడి అయింది. బక్రాన్ని సగానికి తగ్గించాడు గానీ పూర్తిగా తీయలేదు, తీస్తే గుండీల వరుస కుంగిపోతుందన్నాడు. అస్తరు లేని బట్టలో లోపలి కుట్టులన్నీ బయటపడతాయి కాబట్టి ప్రతి కుట్టు అంచుకూ పలుచని నూలు పట్టీని ఏటవాలుగా కత్తిరించి చుట్టాడు, ఒక్క ఈ పనికే మూడు రోజులు. చేతులను కత్తిరించకుండా విప్పాడు. భుజం కుట్టును మాత్రం ముట్టుకోలేదు: "భుజం ఎవరు కుట్టిన్రో గని, నేను విప్పితే మళ్ల గిట్ల కుదరది" అన్నాడు. పక్క కుట్టుల్లో ఇరువైపులా ఒకటిన్నర అంగుళం బట్ట లోపలికి మడిచి ఉంది. నా కొలతకు ఛాతీ దగ్గర వదులు చేయడానికీ, నడుము దగ్గర రెండు ప్లీట్లు పెట్టి తగ్గించడానికీ అదే ఆదుకుంది. ఆ మడతలోని గుడ్డ ఎన్నడూ వెలుతురు చూడలేదు, పక్కన ఉన్న గుడ్డ కన్నా నల్లగా ఉంది. చాచా దానిని పైకి రానీయకుండా చంక కింద పడేలా సర్దాడు. మోకాళ్ల దాకా పొడుగు, ఎత్తు మెడపట్టీ, చేతులు లేవు. పన్నెండు రోజులు, పద్నాలుగు వందల రూపాయలు. నేను కొన్న ఖరీదైన కుర్తాకు అంతకన్నా రెండు వందలు ఎక్కువే ఇచ్చాను.

అదే కళ్లతో ఇంటికి వచ్చి అమ్మ రవికలనూ నా రవికలనూ తిరగేసి పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మ రవికల్లో ప్రతి పక్కా అంగుళానికి పైగా బట్ట వదిలి, మూడు వరుసల కుట్టు వేసి ఉంది. ఒళ్లు వచ్చినప్పుడల్లా ఒక వరుస విప్పుకుంటూ పోయిందన్నమాట, విప్పిన చోట్ల సూది చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. ఎనిమిదింటిలో ఆరు ఒక్కో వరుస విప్పగానే నాకు పట్టాయి. నా రవికలు ఓవర్‌లాక్ మిషను కత్తిరించిన చోట ముగిసిపోయాయి, విప్పడానికి వాటిలో ఏమీ లేదు. ఇప్పుడు కుట్టించే ప్రతిదానికీ పక్కన అంగుళం వదలమని ముందే చెబుతున్నాను. ఒక యువ దర్జీ అయితే 'లావుగా కనపడతారు మేడం' అన్నాడు. కనపడనీయమన్నాను.

నిశ్చయం తప్పింది గద్వాల చీర దగ్గర. గద్వాలలో నేల నూలు, అంచూ పల్లూ పట్టు. వాటిని విడిగా నేసినట్టుగా మగ్గం మీదే పోగులో పోగు మెలేసి కలుపుతారు. అమ్మ చీరలో నేల కుచ్చిళ్ల దగ్గర జల్లెడలా పలచబడింది గానీ అంచు మాత్రం నిన్న నేసినట్టు ఉంది. అంచును ఆ కలయికకు అరంగుళం లోపల కత్తిరించి మరో నూలు గుడ్డకు కుట్టించుకోవచ్చు. ఆ గుడ్డ ఇంట్లో లేదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కొత్తవాడకు వెళ్లి, అక్కడి చేనేత దుకాణంలో అయిదున్నర మీటర్ల గోధుమ రంగు నూలు గుడ్డ కొన్నాను. మగ్గం మీద బట్టను వెడల్పుకు లాగి పట్టిన గుర్తుగా అంచు వెంట సూదిమొనంత చిల్లులు వరుసగా ఉన్నాయా అని చూసి, పోగు తీయించి కాల్చి మరీ కొన్నాను. దుకాణదారు నన్ను తనిఖీ అధికారి అనుకున్నట్టున్నాడు. గుడ్డను కుట్టే ముందు ఒకసారి ఉతికి, ముడుచుకోవలసినంత ముడుచుకోనిచ్చాను. అలా చేయకపోతే మొదటి ఉతుకుకే నేల కుంచించుకుని పట్టు అంచు అలలు అలలుగా లేస్తుంది.

శాలువా చిల్లులకు రఫూ చేయించాను. శాలువా అంచు నుంచే పోగులు తీసి నింపే ఆ పనికి చిల్లుకు నూట ఇరవై చొప్పున తీసుకున్నారు; తొమ్మిదింటిలో ఏడు కనబడవు. చిట్లిన పట్టుచీరలో మిగిలిన భాగమూ, గద్వాల నేలలో గట్టిగా ఉన్న ముక్కలూ, పనికిరాని మూడు నారాయణపేట చీరలూ మా అత్తమ్మ చేతికి వెళ్లి బొంత అయ్యాయి. ఫాల్గుణం రాత్రులకు దుప్పటి చాలదు, రగ్గు ఉక్కపోస్తుంది, బొంత సరిపోతుంది. కుర్తాలలో ఆ పదకొండు ఉంచుకున్నాను. మిగిలిన ఇరవైలో నూలువి ఇంట్లో తుడిచే గుడ్డలయ్యాయి. పాలిస్టరువి ఏం చేయాలో తోచక బస్తాలో కట్టి మెట్ల కింద పెట్టాను. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె కూడా వాటిని చూసి పెదవి విరిచింది. ఆ బస్తా ఇంకా అక్కడే ఉంది.

షేర్వాణీని ఇచ్చేటప్పుడు చాచా దాని చేతులను రెండింటినీ ఉర్దూ పత్రికలో చుట్టి విడిగా ఇచ్చాడు. "పారెయ్యకు. నీ బిడ్డనో నీ మనుమడో మళ్ల కుట్టిచ్చుకుంటనంటరు" అన్నాడు. వాటిని మల్లు గుడ్డలో చుట్టి సందూక అడుగున, అవి ముందు ఉన్న చోటే పెట్టాను. గుండీలను ఆడవాళ్ల వైపుకు మార్చమంటావా అని కూడా అడిగాడు, వద్దన్నాను. మరుసటి సోమవారం నుంచి పోచంపల్లి కుర్తా మీద అది వేసుకుని ములుగు బస్సు ఎక్కుతున్నాను. దారి పొడుగునా మోదుగులు పూసి ఉన్నాయి, ఎనిమిది గంటలకు చలి లేదు, పదకొండింటికి ఉక్క లేదు. పొద్దున బస్సు తొందరలో గుండీలు పెట్టుకునేటప్పుడు మాత్రం చేయి ఇంకా తప్పు వైపుకే వెళుతోంది.